ఉగాది మరునాడు: పావగడ సీమలో మిగిలిన మాంసం కథ

ఉగాది సంచిక అనగానే వేపపూత పచ్చడిని గురించీ, పంచాంగ శ్రవణాన్ని గురించీ వ్యాసాలు రావడం ఆచారం. అవి రావలసినవే. కాని ఉగాది మరునాటిని గురించి వ్రాసేవారు అరుదు. పావగడ సీమ నుండి వచ్చిన మా వంటి వారికి పండుగ రెండు దినాలు. మొదటి దినం తలంటు, కొత్త బట్ట, ఓళిగలు, పచ్చడి. రెండవ దినం మాంసం. కన్నడ సోదరులు ఆ దినాన్ని హొసతొడకు అనీ, వర్షతొడకు అనీ అంటారు. పాత మైసూరు సీమలో మాంసాహారుల ఇళ్ళ చాలవరకు ఈ ఆచారం ఉన్నది. ఏడాది మొదట్లో ఇల్లు తృప్తిగా తింటే ఏడాదంతా అట్లే గడుస్తుందని నమ్మకం.

ఆ దినం వండిన మాంసం ఒక్క పూటతో అయిపోదు. మరునాడు దానిని ఏమి చేయాలి? చూడడానికి చిన్న ప్రశ్న. కాని దీని వెనుక ఒక సీమ భూగోళం, వెయ్యేండ్ల చరిత్ర, ఒక మహా కరువు, కొన్ని కన్నీళ్ళు ఉన్నవి. ప్రవాసంలో ఉన్న మన కుటుంబాలకు ఈ సంగతులు పనికివస్తాయని తలచి, మాకు తెలిసినంత మేరకు ఇక్కడ వివరిస్తున్నాము.

సీమ స్వరూపం

పావగడ తాలూకా కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందినది. అయినా ఆ జిల్లా తక్కిన భూమితో అంటుకొని ఉండదు. పడమట ఒక సన్నని మెడవంటి భాగం చిత్రదుర్గం జిల్లాను తాకుతుంది. తక్కిన దిక్కులన్నీ ఆంధ్రదేశమే. మధుగిరి నుండి పావగడకు వెళ్ళే బస్సు నడుమ మడకశిర సీమను దాటి వెళ్తుంది. ఇంటిలో మాట తెలుగు, బడిలో పాఠం కన్నడం, సంతలో రెండూ. ఊరికి పూర్వం పాముగొండ అనే పేరుండేదని పెద్దలు చెబుతారు. హళగన్నడంలో పావు అన్నా మన పాము అన్నా ఒకటే. ఊరి పేరులోనే రెండు భాషలు చేయి కలిపి ఉన్నవి.

ఈ సరిహద్దు పుట్టుక 1799, 1800 నాటిది. 1799లో టిప్పు సుల్తాను పడిపోయిన తరువాత ఈ సీమ మైసూరు సంస్థానంలో నిలిచినది. 1800లో నిజాము దత్తమండలాలను కుంపిణీకి అప్పగించినాడు. ఆ మండలాలు మద్రాసు రాజధానిలో చేరినవి. 1882లో బళ్ళారి నుండి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పరచినారు. 1953లో ఆంధ్రరాష్ట్రం, 1956లో భాషారాష్ట్రాలు వచ్చినా పావగడ మైసూరులోనే ఉండిపోయినది. 1973లో ఆ రాష్ట్రం పేరు కర్ణాటక అయినది. గీతలు మారినవి గాని వంటిల్లు మారలేదు. మడకశిరలో ఏ సంగటి గెలుకుతారో పావగడలోనూ అదే సంగటి.

ఇది వర్షచ్ఛాయా ప్రదేశం. వానలు తక్కువ, చెరువులు నిండే ఏండ్లు తక్కువ. రాగి, చెనక్కాయ ముఖ్యమైన పంటలు. పైరు చేతికి రాని ఏట గొర్రెలూ మేకలే సంసారాన్ని నిలబెట్టేవి. కురుబలు, గొల్లలు తరతరాలుగా మందలు కాచినారు. నల్లకంబళ్ళు నేయడం కురుబల పని. మంద ఉన్న సీమ గనుక మాంసం కొత్తది కాదు. కాని మంద అంటే రొక్కం, అంటే నిలువ ధనం. దానిని ఊరికే కోయరు. జాతరకో, పెండ్లి మరునాటికో, ఉగాది మరునాటికో కోస్తారు. కోసిన నాడు అందరికీ పాళ్ళు పంచుతారు. పాత మైసూరు పల్లెలలో నలుగురూ డబ్బు వేసుకొని మేకనో పొట్టేలునో కొని, మాంసాన్ని సమానంగా కుప్పలు పోసి పంచుకొనే వాడుక ఇప్పటికీ ఉన్నది. కొన్ని చోట్ల దీనికోసం ఏడాది పొడుగునా నెలనెలా చీటీ కడతారు.

ఏడాదికి నాలుగైదు మార్లే చేతికి అందే వస్తువు మిగిలితే దానిని పారవేయడమన్నది ఎవరి ఊహకూ అందదు. మిగులు వంటల శాస్త్రం పుట్టినది ఇక్కడనే.

ఎంగిలి వేరు, మిగులు వేరు

తెలుగువాడు ఈ విషయంలో పూర్వమే ఒక గీత గీసినాడు. విస్తరిలో చేయి పెట్టిన తరువాత మిగిలినది ఎంగిలి. కుండలో మిగిలినది మిగులు. రాత్రి గడచి తెల్లవారితే అది చద్ది. ఎంగిలి ఇతరులకు పెట్టడం అవమానం. చద్ది పెట్టడం ఆదరం. పెద్దల మాట చద్దిమూట అన్న సామెతలో చద్దికి ఎంత గౌరవమో చూడండి. కన్నడంలో దీనినే తంగళు అంటారు. పావగడ ఇల్లాలి నోట రెండు మాటలూ వినిపిస్తాయి.

ఈ గీతను గుర్తు పెట్టుకుంటే ముందు చెప్పబోయే చరిత్ర సులభంగా అర్థమవుతుంది. మిగులు ఉండడం ఒక భాగ్యం. ఇతరుల ఎంగిలిపై బ్రతకవలసి రావడం ఒక దుర్గతి. రెండూ ఒకే ఊరిలో ఉండినవి.

రాజుల వంటశాలలో

పావగడ తాలూకాలో నిడగల్లు కొండకోట ఉన్నది. కళ్యాణి చాళుక్యుల కాలంలో నిడగల్లు చోళులు వారికి సామంతులుగా ఈ సీమను ఏలినారు. నేడు మడకశిర ప్రాంతంలో ఉన్న హేమావతి, అనగా పూర్వపు హెంజేరు, అంతకు ముందు నొళంబుల రాజధాని. ఆ తరువాత ఈ చోళులకూ ముఖ్యస్థానం.

ఆ కళ్యాణి చాళుక్య ప్రభువులలో మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో మానసోల్లాసమనే సంస్కృత గ్రంథాన్ని రచించినాడు. అందులో అన్నభోగమనే భాగం వంటలకు సంబంధించినది. మాంసాన్ని ముక్కలు కోసి, చిల్లులు పొడిచి, సంభారం దట్టించి, శూలాలకు గ్రుచ్చి నిప్పులపై కాల్చే భడిత్రకం అందులో ఉన్నది. కార్జాన్ని పోకచెక్కలంత ముక్కలు కోసి బొగ్గులపై కాల్చి, పిమ్మట సంభారాలతో వేయించి, పెరుగులోనో ఆవాల నీటిలోనో వేసే విధానమూ ఉన్నది. ఒకసారి కాల్చిన దానిని రెండవసారి తాలింపు వేసి, మూడవసారి పుల్లని పదార్థంలో ఊరవేయడం ఇందులోని కిటుకు. నేటికీ మా సీమలో మేకను కోసిన వెంటనే కార్జం ముక్కలు నిప్పుల మీద కాల్చి ఉప్పుకారం అద్ది పిల్లల చేతికి ఇస్తారు. మిగిలిన ముక్కలు మధ్యాహ్నం తాలింపులో పడతాయి. రాజుగారి వంటకూ పల్లె వంటకూ దూరం మనం అనుకొనేటంత లేదు.

విజయనగర కాలంలో 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్, రాజధాని వీధులలో వేటమాంసం విరివిగా అమ్ముతారనీ, అది శుభ్రంగా, కొవ్వు పట్టి ఉంటుందనీ వ్రాసినాడు. 1565 యుద్ధం తరువాత రాజధాని పెనుకొండకు మారినది. పెనుకొండ పావగడకు నేరుగా తూర్పున ఉన్నది.

ఆ కాలపు మాంసపు కూరలో మిరపకాయ లేదని పాఠకులు గుర్తించాలి. మిరప అమెరికా ఖండం నుండి పోర్చుగీసుల వెంట 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చినది. అంతకు ముందు కారమంటే మిరియమే. చెనక్కాయ కూడా దక్షిణ అమెరికా నుండి వచ్చినదే. అది పెద్దపంటగా పరచుకొన్నది 19వ శతాబ్దంలోనూ ఆ తరువాతనూ. ఈనాడు మనం తాతల నాటిదని చెప్పుకొనే చెనక్కాయపొడి వేపుడు, నిజానికి ముత్తాతల కంటె ప్రాచీనం కాదు. పద్ధతి పాతది, సరుకు కొత్తది.

ఉప్పు, ఎండ

మంచుపెట్టె లేని కాలంలో మాంసాన్ని నిలువ చేయడానికి మా సీమకు ఉన్నవి మూడే సాధనాలు: ఉప్పు, ఎండ, నిప్పు. ఎండకు కొదువ లేదు. ఉప్పుకే ఇబ్బంది. సముద్రం దూరం. చవుడు నేలల మన్నును గోకి, నీట కలిపి వడగట్టి, మళ్ళలో ఎండబెట్టి ఉప్పు తీసేవారు ఉప్పర కులస్థులు. బళ్ళారి, అనంతపురం, మైసూరు సీమలలో ఈ మట్టి ఉప్పు విరివిగా వాడేవారు. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పుపై గుత్తాధికారం స్థాపించినది. ఆ పన్ను బరువు 1930లో గాంధీజీ దండి యాత్రకు కారణమైనదనీ, 1947లోగాని అది రద్దు కాలేదనీ మనకు తెలిసినదే. ఉప్పు పన్ను అనగానే మనకు అన్నంలో ఉప్పు జ్ఞప్తికి వస్తుంది. కాని పేదవాని ఇంట మాంసం నిలువ చేసుకోవడం కూడా ఆ పన్ను మీదనే ఆధారపడి ఉండేది.

ఇట్లు ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసమే ఉప్పుకండ. ఈ పేరు తెలుగు, కన్నడ, తమిళాలు మూడింటిలోనూ ఇంచుమించు ఒకటే. కొందరు ఒట్టి తునకలు అంటారు. ఇతర దేశాలలోనూ దీని అన్నదమ్ములు ఉన్నవి. దక్షిణ అమెరికా కొండజాతుల చార్కీ అనే మాట నుండే ఇంగ్లీషు వారి జెర్కీ వచ్చినది. దక్షిణాఫ్రికాలో దీనిని బిల్టాంగ్ అంటారు. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి దర్బను చేరినది మొదలు నెటాలు చెరకుతోటలకు వెళ్ళిన తెలుగు కూలీల సంతతి వారు ఈనాడు ఆ బిల్టాంగ్ అంగళ్ళ నడుమనే నివసిస్తున్నారు. పేరు మారినా వారి తాతలు ఎరిగిన వస్తువే అది.

ధాత కరువు, దొరగారి వంటపుస్తకం

1876లో, ధాత నామ సంవత్సరంలో, వానలు తప్పినవి. 1878 వరకు నడచిన ఆ మహాక్షామాన్ని తెలుగువారు ధాత కరువు అన్నారు. దత్తమండలాలు, మైసూరు రెండూ దానికి బలి అయినవి. 1871లో మైసూరు జనాభా 50 లక్షలకు పైగా ఉండినది. 1881 లెక్కలలో అది 42 లక్షలకు లోపుగా తేలినది. మందలు గడ్డి లేక కూలిపోయినవి. ఏ మంద మా సీమకు నిలువ ధనమో, ఆ మందే మొదట పోయినది.

1877లో సర్ రిచర్డు టెంపులు కరువు పనులు చేసే మనిషికి దినానికి ఒక పౌను ధాన్యం, దానిపై కొద్ది చిల్లర కూలి చాలునని నిర్ణయించినాడు. ఒక పౌను అంటే సుమారు 450 గ్రాములు. మనిషి కాయకష్టం చేయడానికి అది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించినాడు.

అదే 1878లో మద్రాసులో కల్నల్ కెన్నీ హెర్బర్టు అనే సైనికోద్యోగి వైవర్న్ అనే మారుపేరుతో, మద్రాసులోని ఇంగ్లీషు కుటుంబాల కోసం ఒక వంటపుస్తకం వెలువరించినాడు. మంచి పుస్తకమే. ముందు దినం కాల్చిన మాంసం మిగిలితే మళ్ళీ రుచిగా వండే విధానాలకు అందులో ప్రత్యేక ప్రకరణం ఉన్నది. ఒక రాజధానిలో, ఒకే కాలంలో, కొందరికి మిగిలిన రోస్టును ఏమి చేయాలన్నది సమస్య. మరికొందరికి పౌను ధాన్యంతో దినం ఎట్లా గడపాలన్నది సమస్య. రచయితను తప్పు పట్టడానికి దీనిని చెప్పడం లేదు. మిగులు అనే మాటకు ఎవరి ఇంటిలో ఏ అర్థం ఉండినదో ఈ రెండు కాగితాలు ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే చాలునని మా మనవి.

ఇంగ్లీషు వారికి ఆదివారం పెద్దమాంసపు తునకను కాల్చి తినడం, సోమ మంగళ వారాలలో మిగులును సర్దుకోవడం వాడుక. 1861లో అచ్చయిన బీటన్ దొరసాని గృహనిర్వహణ గ్రంథంలో చల్లారిన మాంసంతో చేసే వంటలకు వేరే వరుస ఉన్నది. అందులో కర్రీ కూడా ఒకటి. మిగిలిన వేటమాంసాన్ని సన్నగా తరిగి, ఉడికిన ఆలుగడ్డను మెదిపి పైన పరచి కాల్చేది వారి షెపర్డ్స్ పై, అనగా గొల్లవాని పిండివంట. మన దేశానికి వచ్చిన తరువాత బెంగాలు బట్లర్లు చల్లారిన రోస్టును ఉల్లి, పచ్చిమిరపలతో వేయించి జాల్‌ఫ్రేజీ చేసినారు. బెంగుళూరులో 1809లో దండు వెలసిన పిమ్మట అక్కడి దొరల వంటిళ్ళలో తెలుగు, తమిళ వంటవాండ్రు పని చేసినారు. ఈనాటి హోటళ్ళ పట్టికలో గొప్పగా కనిపించే కొన్ని పేర్లు ఆ విధంగా మిగులు నుండి పుట్టినవే.

ఎవరి మిగులు?

ఊరి చివర ఉన్నవారి సంగతి చెప్పక ఈ చరిత్ర ముగియదు. అనేక పల్లెలలో చచ్చిన పశువును మోసుకుపోవడం కొన్ని కులాల మెడకు కట్టిన వెట్టి. కూలికి బదులు ఆ మాంసమే. ఒక్కనాటితో తినలేరు గనుక దానిని కోసి దండెం మీద ఎండబెట్టుకొనేవారు. పెండ్లిళ్ళలో విస్తళ్ళ ఎంగిలి కూడా వారికే. 1927 మార్చిలో మహద్ సభలో డాక్టరు అంబేద్కరు చచ్చిన పశువుల మాంసాన్నీ, ఇతరుల ఎంగిలినీ మానివేయుడని తన వారికి పిలుపు ఇచ్చినారు. అది ఆహారాన్ని గురించిన మాట మాత్రమే కాదు, మానాన్ని గురించిన మాట.

ఉప్పుకండ రుచిని గురించి మురిసిపోయే మనం, ఆ దండెం ఒక ఇంట సంబరంగానూ మరొక ఇంట గత్యంతరం లేకనూ కట్టబడినదని మరువరాదు. ఎండిన మాంసాన్ని దాచి బ్రతికిన నేర్పు ఎక్కువగా ఎవరిదో, ఆ నేర్పుకు గౌరవం కూడా వారికే చెల్లాలి.

ఇంటి పద్ధతులు

ఇక వంటింటి లోపలికి వద్దాము. మా సీమ ఆడవారు మిగులును ఎట్లా సర్దేవారో వరుసగా చెబుతాము.

మొదటిది మరగబెట్టడం. రాత్రి మిగిలిన పులుసును తెల్లవారగానే ఒకసారి, మాపటికి ఒకసారి తెర్లబెట్టి, మూత పెట్టి ఉట్టిమీద ఉంచేవారు. చింతపండు పులుపు పులుసును కొంత కాపాడుతుంది. రెండవనాటి పులుసులో ముక్కకు రసం పట్టి రుచి హెచ్చుతుంది. వేడి సంగటి ముద్దకు ఇదే సరి. కళాయి లేని రాగిగిన్నెలో పులుపు ఉంచితే చిలుము పట్టి విషమవుతుంది గనుక మట్టిసట్టినే వాడేవారు.

రెండవది వేపుడు. పులుసులోని ముక్కలు తీసి, ఎముక వేరుచేసి, పీచులుగా చీల్చి, ఉల్లిపాయ, కరివేపాకు, వెల్లుల్లి తాలింపులో నీరు ఇగిరేదాకా వేయించి, దించే ముందు వేయించిన చెనక్కాయల పొడి చల్లుతారు. ప్రవాసంలో ఉన్న వారు పొయ్యిపెట్టెలో కాల్చిన కోడికీ, పొట్టేలు తొడకూ ఈ పద్ధతినే వాడవచ్చును. కాల్చిన మాంసం ఒకసారి వేడిమి తిన్నది గనుక ఎక్కువసేపు వేయించరాదు. ఉల్లిపాయ, సంభారం పూర్తిగా వేగిన తరువాత మాంసాన్ని చివర వేసి కలియబెట్టాలి. లేకుంటే పీచు చెక్కవలె బిరుసెక్కుతుంది.

మూడవది ఉండలు. మిగిలిన మాంసాన్ని రోటిలో దంచి, పుట్నాలపొడి, పచ్చిమిరప, కొత్తిమీర, లవంగం దాల్చినచెక్క పొడి కలిపి, ఉండలు చేసి నూనెలో వేయించడమో, మరిగే పులుసులో వదలడమో చేస్తారు. సరిహద్దుకు ఆ వైపు వారు దీనిని కైమా ఉండ అంటారు. తక్కువ మాంసం ఎక్కువమందికి సరిపోవాలంటే ఇంతకు మించిన ఉపాయం లేదు. పప్పుపిండి నిండుదనాన్ని ఇస్తుంది. అమెరికాలో నవంబరు నెల నాలుగవ గురువారం నాటి టర్కీ కోడి మిగిలితే, నీరసంగా ఉండే దాని మాంసానికి ఈ ఉండలే తగిన మార్గం.

నాలుగవది ఎముకల రసం. కాల్చిన మాంసపు ఎముకలను పగులగొట్టి, ఉలవలు ఉడికించిన కట్టులో వేసి, చిన్నమంట మీద రెండు గంటలు కాచి వడగట్టి, మిరియం, జీలకర్ర, వెల్లుల్లి దంచి వేసి పోపు పెడితే జలుబు చేసిన వారికి హితంగా ఉంటుంది. ఉలవలు లేనిచోట కందికట్టు వాడవచ్చును.

అయిదవది అన్నంతో కలపడం. చద్ది అన్నాన్ని పొడిపొడిగా చిదిపి, మాంసపు వేపుడుతో కలిపి, నిమ్మరసం పిండితే చిత్రాన్నం వంటి వంట అవుతుంది. దోసె మధ్యలోనూ, రొట్టె మడతలోనూ పెట్టుకోవచ్చును. బడికి వెళ్ళే పిల్లలకు ఇది సులభం.

ఆరవది ఉప్పుకండ. ఇది వండిన మాంసంతో చేసేది కాదు. పాళ్ళలో వచ్చిన పచ్చిమాంసం ఎక్కువైనప్పుడు ఆనాడే చేసేది. కొవ్వు తీసి, వ్రేలెడు పొడుగు పేలికలుగా కోసి, ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి, కారం పట్టించి, దారానికి గ్రుచ్చి మిద్దె మీద ఎండలో కట్టేవారు. మంచు తగలకుండా రాత్రి లోపలికి తెచ్చేవారు. నాలుగైదు ఎండలు తగిలితే కట్టెవలె ఎండుతుంది. ఉప్పు మాంసంలోని నీటిని లాగివేస్తుంది. నీరు లేనిదే కుళ్ళు పుట్టదు. వలసినప్పుడు నాలుగు పేలికలు గోరువెచ్చని నీటిలో నానబెట్టి, నిప్పులపై కాల్చి, రోట దంచి, నూనెలో వేయించుకొనేవారు. చలిదేశాలలో ఉన్నవారు దీనిని కిటికీ ప్రక్కన ప్రయత్నించవద్దు. అది మా మిద్దె ఎండకు పుట్టిన విద్య.

ఈనాటి జాగ్రత్తలు

మద్రాసులో 1842లో కట్టిన మంచుకొట్టులోని మంచు అమెరికానుండి ఓడలలో వచ్చేది, అది దొరలకే. మన దేశంలో గోద్రెజ్ వారు 1958లో శీతలయంత్రం తయారీకి పూనుకొన్నారు. ఇప్పుడు మన ప్రవాసుల ఇండ్లలో ఆ యంత్రం లేని వంటిల్లు లేదు. అయినా పాత పద్ధతిని కొత్త వంటింటిలో గ్రుడ్డిగా అనుసరించరాదు.

పెద్దగిన్నెలో నిదానంగా చల్లారే మాంసంలో ఒకవిధమైన సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటి బీజాలు ఒక ఉడుకుతో చావవు. అందుచేత వండిన మాంసాన్ని రెండు గంటలలోపల లోతు తక్కువ పాత్రలలోకి మార్చి శీతలయంత్రంలో పెట్టాలి. లోపలి చలి 4 డిగ్రీల సెంటిగ్రేడుకు మించరాదు. మూడు నాలుగు దినాలలో వాడివేయాలి. మళ్ళీ కాచేటప్పుడు లోపలి దాకా 74 డిగ్రీల వేడి తగలాలి. ఎంత కావాలో అంతే తీసి కాచాలి. మొత్తం గిన్నెను పలుమార్లు కాచి చల్లార్చరాదు. చద్ది అన్నానికీ ఇదే నియమం. పొద్దుట, మాపట మరగబెట్టిన మన అవ్వలు ఉన్న సాధనంతో చేయగలిగినంత చేసినారు. మనకు మెరుగైన సాధనం ఉన్నది గనుక దానిని వాడుకోవాలి.

చివరి మాట

పావగడ సీమ మారుతున్నది. తిరుమణి ప్రాంతపు అయిదు ఊళ్ళలో సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం వెలసినది. 2018లో దానిని ప్రారంభించినారు. రైతులు భూములను అమ్ముకోకుండా కవులుకు ఇచ్చినారు. ఏటేటా రొక్కం వస్తున్నది. అయితే ఒకప్పుడు గొర్రెలు మేసిన బీళ్ళలో ఇప్పుడు గాజుపలకలు ఉన్నవి. ఏ ఎండకు మా అవ్వలు ఉప్పుకండ ఎండబెట్టినారో ఆ ఎండే నేడు శీతలయంత్రాలను నడుపుతున్నది. ఇది మంచిదా చెడ్డదా అని ఒక్క మాటలో తేల్చడం కష్టం. మంద తరిగితే దానితోపాటు మంద చుట్టూ ఉన్న మాటలు కూడా తరుగుతాయన్నది మాత్రం నిశ్చయం.

చియ్యలు, కార్జం, కండ, సట్టి, ఉట్టి, చద్ది, తెర్లబెట్టడం: ఈ మాటలలో ఎన్ని మన పిల్లలకు తెలుసు? పాఠ్యపుస్తకాలలో ఇవి రావు. పావగడ బిడ్డ కన్నడ బడిలో చదువుతాడు, ప్రవాసి బిడ్డ ఇంగ్లీషు బడిలో చదువుతాడు. ఇద్దరికీ ఈ మాటలు వంటింటిలో తప్ప వేరొకచోట దొరకవు. అక్కడ మిగిలినదానిని చెత్తబుట్టలో వేసిన నాడు, దానిని వండే విధమూ, దాని పేరూ అదే బుట్టలో పడతాయి.

కాబట్టి మన సంఘ సభ్యులకు ఒక మనవి. ఈ ఉగాది మరునాడు మీ ఇంటిలో మాంసం మిగిలితే, మీ అమ్మగారికో అత్తగారికో జేజికో టెలిఫోను చేసి వారు దానిని ఎట్లా వండేవారో అడిగి, వారి మాటలలోనే వ్రాసి పెట్టుకొనండి. గోదావరి వారు వారి మాటలలో, పాలమూరు వారు వారి మాటలలో, సరిహద్దుల వారు తమ రెండు భాషల మాటలలో వ్రాయండి. రాజుల వంటలను వ్రాయడానికి సోమేశ్వరుడు ఉండినాడు, దొరల వంటలను వ్రాయడానికి కల్నలు ఉండినాడు. కరువు సీమలో పిడికెడు మాంసాన్ని నాలుగు దినాలు పదిమందికి పెట్టిన తల్లుల వంటలను వ్రాయవలసినవారము మనమే.

మిగిలినదానిని పంచుకొని తినే ఇండ్లు మనవి కావాలనీ, ఏ ఇంటా లేమి ఉండరాదనీ కోరుతూ, అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.